స్కానర్ తరవాత చూద్దాం, ముందు ఒక పాత కట్టడాన్ని పట్టుకోండి

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ బోధిస్తున్నాను. పదకొండేళ్ల అనుభవమంతా బీఆర్క్ డిజైన్ స్టూడియోల్లోనే. ఈ ఏడాది కన్సర్వేషన్‌లో, అంటే పాత కట్టడాల సంరక్షణలో, ఎంఆర్క్ మొదలుపెట్టి నన్ను కోఆర్డినేటర్‌గా వేశారు. 20 సీట్లకు 13 మంది చేరారు. సిలబస్ వేరే సంస్థది చూసి రాసుకున్నదే. యాజమాన్యం కట్టడాలను కొలిచే లేజర్ స్కానర్ కొందామని ముచ్చటపడుతోంది. కొంటే ఈ ఏడాది బడ్జెట్ మొత్తం దానికే సరి. దగ్గర్లోని పాత గుడి ఈవో గారు "మీ పిల్లలతో ప్లాన్లు గీయించి పెట్టండి" అంటున్నారు. పిల్లలేమో మొదటి వారంలోనే ఉద్యోగాల సంగతి అడిగారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: తేలికైనది ముందు తేల్చేద్దాం. స్కానర్ ఈ ఏడాది కొనకండి. దాని ధరతో ఖర్చు ఆగదు. సాఫ్ట్‌వేర్ చందా, ఏటా కాలిబ్రేషన్, ఆ డేటాను మోయగల కంప్యూటర్లు, వందల జీబీల నిల్వ, దాన్ని నడిపే మనిషి జీతం, అన్నీ వెంటే వస్తాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. గోడ ఎక్కడుందో స్కానర్ మిల్లీమీటర్లలో చెబుతుంది గాని, ఆ గోడలో ఏ భాగం మొదట కట్టింది, ఏది తరవాత అతికించింది అన్నది చెప్పదు. అది టేపు పట్టుకుని గోడ పక్కన రోజులు గడిపినవాళ్ల కంటికే ఆనుతుంది. రెండో సెమిస్టర్‌లో రెండు రోజులకు అద్దెకు తెప్పించి, పిల్లలు చేత్తో గీసిన ప్లాను మీద స్కాన్‌ను పరచండి. ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో వాళ్లచేతే చెప్పించండి. యంత్రం పాఠం చెప్పేది అక్కడ.

ఆ డబ్బు వేరేచోట కావాలి. సిలబస్ గురించి మీరు పడుతున్న బెంగలో సగం కూడా అక్కర్లేదు. ఏ సంస్థ సిలబస్ తీసుకున్నా చరిత్ర, చార్టర్లు (సంరక్షణ సూత్రాల పత్రాలు), చట్టాలు, పదార్థాలు, పట్టణ వారసత్వం, థీసిస్ ఉండనే ఉంటాయి. కోర్సుకూ కోర్సుకూ తేడా తెచ్చేది, పిల్లలు ఒకే కట్టడం దగ్గర ఎంతకాలం ఉన్నారన్నది. మన దగ్గర చాలాచోట్ల సెమిస్టర్‌కో ఊరు మారుస్తారు. బస్సు వేసుకుని వెళ్లి ఐదు రోజులు కొలిచి, తిరిగొచ్చి పదహారు షీట్లు అచ్చు వేస్తారు. షీట్లు కళ్లకింపుగానే ఉంటాయి. ఆ గోడకు చెమ్మ కింది నుంచి ఎక్కుతోందా, పై నుంచి దిగుతోందా అని అడిగితే మాత్రం నోరు పెగలదు. తప్పు వాళ్లది కాదు. ఐదు రోజుల్లో ఎవరికీ తెలియదు.

పగులునే తీసుకోండి. గోడలో పగులు ఇంకా కదులుతోందా, ఎప్పుడో ఆగిపోయిందా అని తేల్చాలంటే కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం దాటాలి. నల్లరేగడి నేలల్లో ఎండకు భూమి ముడుచుకుని, వానకు ఉబ్బుతుంది. మేలో 4 మిల్లీమీటర్లున్న పగులు సెప్టెంబరుకు 2 అయి, మళ్లీ మేకి 4 అయితే అది రుతువుల కదలిక. మళ్లీ మేకి 5 అయితే పునాది సంగతి చూడాలి. నాలుగు నెలల సెమిస్టర్‌లో ఈ రెంటికీ తేడా కనపడదు. ఉప్పు కూడా అంతే, గోడ ఎండే నెలల్లోనే బయటికి పూస్తుంది. అందుకని మూడేళ్లకు ఒకే కట్టడాన్ని పట్టుకోండి. మొదటి బ్యాచ్ పగుళ్ల మీద వెడల్పు కొలిచే గేజీలు బిగించి నెలనెలా సైటు పుస్తకంలో రాస్తుంది. రెండో బ్యాచ్ ఆ పుస్తకాన్ని అందుకుని కొనసాగిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు మీరిచ్చే మొదటి పాఠ్యపుస్తకం పాతవాళ్ల సైటు పుస్తకమే కావాలి.

ఏ కట్టడం? పేరున్నది వద్దు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నదైతే గేజీ బిగించాలన్నా, గచ్చులో, అంటే గోడకు వాడిన సున్నం మిశ్రమంలో, చిటికెడు తీయాలన్నా అనుమతి కావాలి. అది న్యాయమే గాని, నేర్చుకునే చేతులకు అది చోటు కాదు. జమీందారుల నాటి దివాణం, పాత సత్రం, ప్రయాణికుల బంగళా, వందేళ్ల బడి, ఇలాంటివి వెతకండి. 300 నుంచి 600 చదరపు మీటర్లుంటే 13 మంది రెండు మూడు వారాల్లో కొలవగలరు. ఇటుకో రాయో, సున్నమో, కలపో, కనీసం మూడు పదార్థాలుండాలి. గూనపెంకు కప్పో, దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన మద్రాసు టెర్రసో ఉంటే ఇంకా మేలు. జబ్బులు కంటికి కనపడాలి. కాలేజీ నుంచి గంటలోపు చేరగలగాలి, లేకపోతే రెండో నెలకే వెళ్లడం మానేస్తారు. రక్షిత కట్టడం పక్కనే ఉందేమో కూడా చూసుకోండి. 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ మరమ్మతుకైనా సమర్థ అధికారి అనుమతి తీసుకోవాలి.

కట్టడం యజమానితో మూడేళ్ల ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. మాట మీద నడిచినవి యజమాని తమ్ముడు వాటా అడిగిన రోజున ఆగిపోతాయి. నెలకు ఎన్ని రోజులు లోపలికి రావచ్చు, తాళం ఎవరి దగ్గర, పిల్లలకు ప్రమాద బీమా ఎవరు కట్టాలి, డ్రాయింగులు ఎవరివి, ప్రచురణకు ఎవరి సమ్మతి కావాలి, ఇవి అందులో ఉండాలి. రాతపూర్వక అనుమతి లేనిదే కడగడం, గోకడం, రంధ్రం వేయడం, నమూనా తీయడం జరగదన్న మాట కూడా. దానికి బదులుగా ఏటా ఒకసారి యజమానికి అర్థమయ్యే తెలుగులో పది పేజీల నివేదిక ఇవ్వండి. అందులో మొదటి పేజీ "ఈ వానాకాలానికి ముందు చేయాల్సినవి" అని ఉండాలి. చూరు గొట్టం శుభ్రం చేయడం, గోడలో మొలిచిన రావిమొక్కను వేరుతో తీయించడం, పునాది పక్కన నీళ్లు నిలవకుండా వాలు సరిచేయడం వంటి చిన్న పనులే. ఒక్క ఏడాది ఈ పనులు చేయించుకుని ఫలితం చూసిన యజమాని మిమ్మల్ని వదలడు.

ఈవో గారి కోరిక దగ్గరికి వద్దాం. ఒప్పుకోండి గాని, ఉచితంగా దొరికే డ్రాఫ్ట్స్‌మెన్లుగా పిల్లల్ని అప్పగించకండి. పూజలు జరిగే గుడి ప్లాను కాగితం కాగితంగానే ఉండిపోదు. ఎక్కువసార్లు అది నేరుగా కాంట్రాక్టర్ చేతికి వెళ్తుంది. నేలకు గ్రానైట్, గోడకు టైల్స్, శిల్పాలకు ఇసుకపోటు (ఒత్తిడితో ఇసుక చిమ్మి శుభ్రం చేయడం), ఆపైన ఎనామిల్ పెయింటు వరసగా వస్తాయి. ఇసుకపోటుకు రాయి పైపొర, దానిమీది ఉలిగీతలు లేచిపోతాయి. తరవాత వేసిన ఎనామిల్ రాతిలోని చెమ్మను బయటికి పోనివ్వదు. ఐదారేళ్లకు రంగు పెచ్చులతోపాటు రాయి కూడా లేస్తుంది. కాబట్టి ప్లానులతోపాటు రాతి పరిస్థితిని గుర్తించిన షీట్లు, "చేయకూడని పనులు" అని ఒక పేజీ, మూడూ కలిపి ఒకే కట్టగా ఇస్తామని ముందే రాసివ్వండి. ఆ పేజీ లేకుండా ప్లాను ఇవ్వకండి. దేవాదాయ శాఖ కిందిది కనుక ఈవో గారి నోటిమాట చాలదు, శాఖ ఉత్తరం కావాలి. గర్భగుడి, అంతరాళం కొలవడం గురించి అర్చకులతో ముందే మాట్లాడుకోండి. వాళ్లు వద్దన్నచోట కొలత లేకుండా వదిలేసి, షీటు మీద "కొలవలేదు" అని నిజాయితీగా రాయాలి. ఊహించి గీత గీసే అలవాటు అక్కడే చచ్చిపోవాలి. సెమిస్టర్‌లో మూడో వంతు సమయం దాటితే ఆ పని ఆపేయండి.

కొలవడం గురించి, బీఆర్క్‌లో ఒకసారి చేశారు కాబట్టి వచ్చనుకుంటారు. రాదు. పాత గోడ తిన్నగా ఉండదు, మూల 90 డిగ్రీలు ఉండదు. గది నాలుగు గోడలతో పాటు రెండు కర్ణాలు కూడా కొలవాలి. కిటికీకీ కిటికీకీ మధ్య విడివిడిగా కొలిచి కూడితే ప్రతి కొలతలో తప్పు పోగవుతుంది. టేపు ఒక మూలన బిగించి, ఒకే పరుగులో అన్ని బిందువులూ చదవాలి. నేల ఎత్తుపల్లాలకు ట్యూబులెవల్‌తో (నీళ్లు నింపిన గొట్టంతో) కట్టడం చుట్టూ ఒకే మట్టం గీత తిప్పి, అన్ని ఎత్తులూ దాని నుంచే తీయాలి. ఎంత సూక్ష్మంగా అన్న ప్రశ్నకు జవాబు స్కేలులో ఉంది. 1:50లో కాగితం మీద పావు మిల్లీమీటరు మందం గీత నిజంలో 12.5 మిల్లీమీటర్లు. కాబట్టి ప్లానుకు 5 మిల్లీమీటర్ల లోపు తేడా కోసం గంటలు పాడుచేసుకోనక్కర్లేదు. 1:20లో గీసే ద్వారబంధానికి అదే గీత 5 మిల్లీమీటర్లు అవుతుంది, అక్కడ పట్టుదల కావాలి. 1:5లో గీసే చెక్కడానికి చేత్తో నమూనా పట్టి తీయాల్సిందే. ఫొటోల నుంచి కొలతలున్న మోడల్ తయారుచేసే ఫొటోగ్రామెట్రీకి మామూలు కెమెరా చాలు. జూమ్ కదపకుండా, పక్క ఫొటోతో 70 నుంచి 80 శాతం కలిసేలా తీయాలి. ఫ్రేములో కొలత తెలిసిన పట్టీ ఉండాలి. మోడల్ వచ్చాక టేపుతో కొలిచిన నాలుగు దూరాలతో సరిచూడాలి. ఆ సరిచూడటం మానేసిన మోడల్ అందమైన బొమ్మ, అంతే.

జబ్బుల పేర్లకు, స్మారకాల అంతర్జాతీయ మండలి అయిన ఐకోమోస్ రాతి కమిటీ 2008లో తెచ్చిన బొమ్మల పదకోశాన్ని ఆధారం చేసుకోండి. పొర లేవడం, పొడి రాలడం, గుంటలు పడటం వేర్వేరు జబ్బులు, కారణాలూ వేరు. అన్నిటినీ "శిథిలం" అని ఒకే రంగుతో పూసే షీటు వల్ల ఉపయోగం లేదు. దాని పక్కనే మీ పిల్లలు మేస్త్రిల మాటలతో ఒక తెలుగు పట్టిక తయారుచేయాలి. రద్దా, గచ్చు, డంగు సున్నం (గానుగలో నూరినది), దూలం, వాసం, మూలమట్టం, రసమట్టం, ఈ మాటలు రాని కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్ సైటులో ఇంగ్లిషులో అరుస్తుంటాడు, మేస్త్రి తల ఊపి తనకు తెలిసిందే చేస్తాడు.

స్కానర్‌కు మిగిల్చిన డబ్బు సున్నం పెరటికి పెట్టండి. కాలేజీ వెనక నీడ, నీళ్లు, తాళం ఉన్న చోటు చాలు. పొడి సున్నం కాదు, బట్టీ నుంచి తాజాగా వచ్చిన రాతి సున్నం గడ్డలు 40 కిలోలు తెప్పించండి. నీళ్లలోకి సున్నాన్ని వేయాలి గాని, సున్నం మీద నీళ్లు పోయకూడదు. బుసబుసా మరుగుతుంది, చిమ్మితే కళ్లు పోతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, పక్కన శుభ్రమైన నీళ్ల సీసాలు లేకుండా ఆ పని మొదలు కాకూడదు. ప్లాస్టిక్ డ్రమ్ము వేడికి కరుగుతుంది, ఇనుప డ్రమ్ము వాడండి. చల్లారాక వడగట్టి, పైన వేలెడు నీళ్లు నిలిచేలా మూతపెట్టి కనీసం మూడు వారాలు, పై పూతకైతే నెలల తరబడి నానబెట్టాలి. తొందరపడితే నీరు పట్టక మిగిలిన పలుకులు గోడ మీద ఉబ్బి చిన్న గుంటలు పేలతాయి, గుంట మధ్య తెల్లచుక్క కనపడుతుంది. 40 కిలోల్లో కాలని రాయి పోగా మీ అవసరానికి కావలసిన 50 లీటర్ల ముద్ద తప్పక వస్తుంది.

ఇక్కడొక మెలిక. నీళ్లలో నానబెట్టడం గాలికే గట్టిపడే కొవ్వు సున్నానికే, అంటే సున్నానికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 712లో సి తరగతికి. ఎ, బి తరగతులు, కంకర సున్నమైన ఇ తరగతి నీళ్లలోనే గట్టిపడతాయి. నానబెడితే డ్రమ్ములో రాయి మిగులుతుంది. బజారులో అమ్మేవాడికి తరగతి తెలియదు. చిన్న డబ్బాలో కొంచెం ముద్ద నీళ్ల కింద వారం ఉంచి, వేలు దిగుతుందో లేదో చూడండి. సంచిలో నెలలు మగ్గిన పొడి సున్నం ఇంకో మోసం. గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చి సంచిలోనే సుద్ద అయిపోయి ఉంటుంది. చెంచాడు పొడి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేయండి. బాగా నురగలు వస్తే అది గోడకు పనికిరాదు.

నానేలోపు పది మీటర్ల పొడవు, మీటరున్నర ఎత్తు ఇటుక గోడ ఒకటి కట్టించండి. ముఖం వాన కొట్టే వైపుకు ఉండాలి, మన దగ్గర చాలాచోట్ల నైరుతి. దానిమీద 60 సెంటీమీటర్ల చదరాలు 13. సున్నానికి మిశ్రమం 1:2, 1:2.5, 1:3, మూడు పాళ్లు. ప్రతి మిశ్రమంలో ఒకటి ఒట్టి ఇసుకతో, ఇంకొకటి సగం ఇసుక సగం ఇటుక పొడితో. అందులో మళ్లీ ఒకటి కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లతో, ఒకటి మామూలు నీళ్లతో. మూడు రెళ్లు ఆరు, ఆరు రెళ్లు పన్నెండు. పదమూడో విద్యార్థికి 1:4 సిమెంటు చదరం ఇవ్వండి. చదరానికి కింది పూత 12 మిల్లీమీటర్లు, పై పూత 8, మొత్తం 7.2 లీటర్ల గచ్చు, నష్టంతో కలిపి 10 లీటర్లు అనుకోండి. గోడను ముందు రోజు నుంచి తడపాలి. పొడి ఇటుక గచ్చులోని నీరు లాగేస్తే అది అతుక్కోదు, తట్టితే డొల్లగా మోగుతుంది. పూత పూశాక తడి గోనెసంచులు రెండు మూడు వారాలు వేలాడదీయాలి. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోనే అయినా, కాస్త చెమ్మ లేనిదే ఆ చర్య జరగదు. ఎండిపోయిన సున్నం గట్టిపడదు, పొడిపొడిగా రాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి.

కరక్కాయ, బెల్లం, మారేడు గుజ్జు, మినుముల గురించి ఊరూరా ఒక కథ ఉంటుంది. కథలను రాసుకోండి గాని మంత్రంలా నమ్మకండి. పన్నెండు చదరాలు పెట్టింది అందుకే. బెల్లం ఎక్కువైతే పట్టడం ఆలస్యమవుతుంది, పైన బూజు పడుతుంది, చీమలు కూడా వస్తాయి.

28, 90, 180 రోజులకు ప్రతి చదరం మూలన చిన్న ముక్క విరిచి ఫినాఫ్తలీన్ చల్లండి. గులాబీ రంగు వచ్చినంత మేర ఇంకా పచ్చి సున్నం, రంగు రానంత మేర గట్టిపడింది. ఎన్ని మిల్లీమీటర్లో స్కేలుతో కొలిచి రాయాలి. కార్‌స్టెన్ గొట్టం (గీతలున్న చిన్న నీటి గొట్టం) గోడకు అంటించి 5, 10, 15 నిమిషాలకు ఎంత నీరు పీల్చిందో చూడాలి. ఇక్కడే పిల్లలు పప్పులో కాలేస్తారు. సిమెంటు చదరం తక్కువ నీరు పీల్చిందని "సిమెంటే మంచిది" అని రాసుకొస్తారు. రెండో పరీక్ష పెట్టండి. వెనక వైపు నుంచి గోడను రెండు రోజులు తడిపి, ఏ చదరం వెనకున్న ఇటుక ఎప్పుడు ఆరిందో చెమ్మ మీటరుతో రోజూ చూడాలి. సిమెంటు వెనక ఇటుక ఆలస్యంగా ఆరుతుంది. నిజమైన పాత గోడలో నీరు ఏదో ఒక పగులులోంచి, పునాదిలోంచి లోపలికి పోనే పోతుంది. బయటికి రావడానికే దారి ఉండదు. సిమెంటు తెచ్చిన ఉప్పులతో కలిసి అది పక్కనున్న మెత్తటి ఇటుకలోంచి, రాతిలోంచి దారి చూసుకుంటుంది. ఉప్పు గడ్డకట్టినచోట ముఖం రాలుతుంది. గచ్చు చెక్కుచెదరక, దాని పక్కన ఇటుక అరిగిపోయి గుంట పడితే, ఆ గచ్చు సిమెంటేమో అనుమానించాలి. ఇది చదివి నేర్చుకున్నవాడు మరచిపోతాడు, మీటరు చూసినవాడు మరచిపోడు. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు పాత మరమ్మతుల సిమెంటు తీసి మళ్లీ సున్నం వేయించారు. మీ చదరాలకు ఆరు నెలలు నిండాక పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. అప్పుడు ఏం చూడాలో తెలిసి చూస్తారు.

పాత గచ్చు విశ్లేషణకు కూడా ఖరీదైన యంత్రం అక్కర్లేదు. వాన తగలని చోట, తరవాతి మరమ్మతు కానిచోట, మూడు చోట్ల నుంచి 30 నుంచి 50 గ్రాములు తీసి, ఆరబెట్టి, తూచి, సజల ఆమ్లంలో కరిగించి, మిగిలింది వడగట్టి కడిగి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి జల్లెడ పట్టండి. ఇసుక ఎంత, ఏ సైజు, ఎర్రటి ఇటుక పొడి ఉందా అన్నది తెలుస్తుంది. కోస్తాలో జాగ్రత్త. ఇసుకలో గవ్వల ముక్కలుంటే అవీ ఆమ్లంలో కరిగిపోయి, సున్నం ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది. ఆ లెక్క నమ్మి సున్నం ఎక్కువ కలిపితే కొత్త గచ్చు నెర్రెలు విచ్చుతుంది. కరిగించే ముందు భూతద్దంలో చూడమనండి. జల్లెడలు, తూకం, ఓవెన్, ఉప్పు పరీక్ష పట్టీలు, చెమ్మ మీటరు, పగులు గేజీలు, ఉష్ణోగ్రత తేమ రాసే చిన్న లాగర్లు, ఇవన్నీ కలిపినా స్కానర్ ధరలో చిన్న ముక్క. ఖనిజాలను తేల్చే పలచటి రాతి కోతలు, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ లాంటివి కావలసినప్పుడు జియాలజీ విభాగమున్న విశ్వవిద్యాలయంతో, ఆంధ్రా అయినా ఉస్మానియా అయినా, నమూనాకు ఇంతని మాట్లాడుకోవడం నయం.

మనుషుల సంగతి యంత్రాలకంటే కష్టం. మీ దగ్గర ఉన్న అధ్యాపకులు అందరూ డిజైన్ వాళ్లే అయ్యుంటారు. ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు కావాలి, అదీ పాత గోడను చూడగానే "కొట్టేసి కాలమ్ వేద్దాం" అననివాడు. యూజీసీ 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పద్ధతిలో పీహెచ్‌డీ లేని అనుభవజ్ఞుణ్ని తీసుకోవచ్చు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకుండా. రెండోది, సున్నం పని తెలిసిన మేస్త్రి. ఆయనను "డెమో"కు ఒక్కరోజు పిలిచి శాలువా కప్పి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు. వారానికి రెండు రోజులు, ఏడాదంతా ఉండాలి. మీ అకౌంట్స్ విభాగం డిగ్రీ పట్టా అడుగుతుంది, గెస్ట్ లెక్చరర్ రేటు కుదరదంటుంది. అందుకే కోర్సు మొదలవకముందే "నైపుణ్య బోధకుడు" అని వేరే పద్దు, రోజు రేటు అకడమిక్ కౌన్సిల్‌లో ఆమోదం చేయించుకోండి. రేటు ఆయనకు బయట సైటులో దొరికే కూలికి తగ్గకూడదు. మార్కుల్లో కొంత, సున్నం స్టూడియోలో నాలుగో వంతయినా, ఆయన చేతిలో పెట్టండి. పిల్లల ప్రవర్తన ఆ రోజు నుంచే మారుతుంది. రాతి గుడుల విషయానికి తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్పకళా సంస్థ ఉంది. అక్కడి స్థపతులతో పిల్లల్ని కూర్చోబెట్టండి, వాదించుకోనివ్వండి. జీర్ణోద్ధారణ అంటే స్థపతికి ఒక అర్థం, పురావస్తు శాఖ ఇంజినీరుకు ఇంకో అర్థం.

ఆ వాదనే మీ థియరీ క్లాసు. చార్టర్లను తేదీల వారీగా బట్టీ పట్టించకండి. 1964 నాటి వెనిస్ చార్టర్ ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలంటుంది, శిథిలమైనచోట ఉన్న పాత ముక్కలను తిరిగి పేర్చడం వరకే ఒప్పుకుంటుంది. జపాన్‌లోని నారాలో రాసిన 1994 పత్రం ప్రామాణికతను ఆ సంస్కృతి కొలబద్దతోనే చూడమంటుంది. మన దేశంలో వారసత్వ సంరక్షణ సంస్థ అయిన ఇంటాక్ 2004 చార్టర్ బతికున్న వారసత్వానికి, చేతిపనివాళ్ల విద్యకు చోటిస్తుంది. ఇప్పుడు హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని విప్పి, మళ్లీ నిలబెట్టి 2024లో తెరిచిన ఉదంతాన్ని ముందు పెట్టి, ఏ చార్టర్ ఏమంటుందో రాయించండి. నాగార్జునకొండలో సాగర్ జలాశయం కింద మునిగిపోబోయే కట్టడాలను తవ్వి, కొన్నిటిని కొండమీదికీ అనుపుకీ తరలించిన పని ఇంకో ఉదాహరణ. చట్టం పాఠానికి 2019 సెప్టెంబరులో హైదరాబాద్‌లోని పాత భవనం ఎర్రమంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసిన తీర్పు చదివించండి. పాత కట్టడాన్ని కాపాడటంలో సౌందర్యం కంటే పద్ధతి, నోటిఫికేషన్, అనుమతి ఎంత బరువు తూగుతాయో దాంతో తెలుస్తుంది.

13 మందే చేరారని మీరు బాధపడినట్టుంది. ఈ చదువుకు అది సరైన సంఖ్య, గోడ ముందు అంతకంటే ఎక్కువమంది నిలబడలేరు. అసలు సమస్య, ఎంఆర్క్ కావడంతో బీఆర్క్ వాళ్లకు తప్ప ఎవరికీ ప్రవేశం లేకపోవడం. చరిత్ర, పురావస్తు శాస్త్రం, సివిల్, కెమిస్ట్రీ చదివినవాళ్లు బయటే ఉండిపోతారు. అమెరికాలో 1964లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ తరహా కోర్సులు ఆర్కిటెక్టులు కానివాళ్లను కూడా చేర్చుకునేలా పెరిగాయి, అది వాటి బలం. మీరు ఎంఆర్క్‌ను కదపలేరు, ఏడాది పీజీ డిప్లొమా ఒకటి పక్కన పెట్టించి సున్నం పెరడు, సైటు రెంటికీ ఉమ్మడిగా నడపొచ్చు. రెండో ఏటికి ప్రతిపాదించండి, మొదటి ఏడు చేతినిండా పని ఉంటుంది.

థీసిస్ గురించి ఒక్కటే. "ఫలానా కోటను హెరిటేజ్ హోటల్‌గా మార్చుట" అన్న శీర్షికతో వచ్చేవాళ్లను వెనక్కి పంపండి. అది కొత్త డిజైన్‌కు పాత ముసుగు. పరీక్షించగల ఒక ప్రశ్న ఉండాలి, దానికి సైటు పుస్తకంలో రుజువు ఉండాలి.

సైటు భద్రతకు ఒక మనిషిని బాధ్యుణ్ని చేయండి. సున్నం, పరంజా సంగతి అందరికీ గుర్తుంటుంది. గోపురంలో తేనెపట్టు, చీకటి గదుల్లో గబ్బిలాల రెట్ట, పెంకుల కింద పాము గుర్తుండవు. గబ్బిలాల గదిలోకి మాస్కు లేకుండా ఎవరూ వెళ్లకూడదు. తేనెపట్టు ఉన్నవైపు పొగ, సెంటు, డ్రోను మూడూ వద్దు.

ఇక ఉద్యోగాలు. దాచకుండా చెప్పండి. పురావస్తు శాఖల్లో పోస్టులు కొద్ది, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంటాక్, ఆగాఖాన్ ట్రస్టు వంటి సంస్థలు, కన్సర్వేషన్ మీదే బతికే చిన్న ఆఫీసులు, స్మారకాల పనులు చేసే కాంట్రాక్టు కంపెనీలు, ఇవే దారులు. పథకాలు వచ్చిపోతుంటాయి. వారసత్వ నగరాల కోసం కేంద్రం 2015లో తెచ్చిన హృదయ్ పథకంలో అమరావతి, వరంగల్ రెండూ ఉన్నాయి, కొన్నేళ్లకు అది ముగిసింది. పథకాన్ని నమ్ముకుని కోర్సు నడపలేం. అయితే ఈ ఆఫీసులన్నీ వెతికే పనితనం ఒకటుంది, కాలేజీలు నేర్పనిది: పనికయ్యే ఖర్చు అంచనా రాయడం. ప్రభుత్వ రేట్ల పుస్తకంలో సిమెంటు పనులకు పేజీలకు పేజీలున్నాయి, డంగు సున్నం పనికి తగిన వివరం దొరకడం కష్టం. ప్రతి ఐటమ్‌కు సామాను, కూలి, నానబెట్టే రోజులు, గానుగ తిప్పే గంటలు, తడిపే మనిషి అంటూ రేటు విడగొట్టి చూపగలవాడు లేక టెండర్లు తక్కువ రేటుకు పోతాయి. గెలిచినవాడు గిట్టుబాటు కాక సున్నంలో సిమెంటు కలుపుతాడు.

పరిమాణాల్లో పొరపాటు ఇంకో చోట. 100 చదరపు మీటర్ల గోడకు 20 మిల్లీమీటర్ల గచ్చు అంటే కాగితం మీద 2 ఘనపు మీటర్లు. పాత గోడ గుంటలు నింపుకుంటూ పోతే సగటు మందం 35 మిల్లీమీటర్లు అయిందనుకోండి, 3.5 ఘనపు మీటర్లు కావాలి. ఖర్చు ముప్పావు వంతు పెరిగింది, మధ్యలో డబ్బు ఆగింది, గోడ సగం పూతతో వానకు దొరికింది. దీనికి మందు సులువే. అంచనాకు ముందు గోడ మీద మీటరుకొకటి చొప్పున దారం లాగి, దారం నుంచి గోడకు లోతు కొలిచి సగటు తీయాలి.

మూడో సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థీ మీరు మూడేళ్లకు పట్టుకున్న కట్టడంలో ఒక గదికి పూర్తి అంచనా రాయాలి, ఐటమ్ వివరణలు, రేటు విడదీత, పని వరస, ఏ నెలలో ఏ పని అన్నవాటితో సహా. దిద్దడం మీరు చేయకండి. మీ మేస్త్రికి ఒక ఎర్ర పెన్ను ఇచ్చి కూర్చోబెట్టండి. ఆయనకు ఇంగ్లిషు రాదంటే అంచనా తెలుగులో రాయించండి.